బొటనవేలంత బుర్ర, భూమి అదురు

2024 డిసెంబరు 21, 22, 23 తేదీల్లో వరసగా మూడు రోజులు మన ముండ్లమూరు మండలంలో భూమి అదిరిన సంగతి తెలిసిందే. అదిరింది ఒకటి రెండు సెకన్లే గానీ జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఇలాంటప్పుడు పదిమందిని అడిగితే పది మాటలు చెబుతారు. ఒకరు గిన్నెలు కదిలాయంటారు, ఒకరు పెద్ద లారీ పోయిందనుకున్నామంటారు, ఇంకొకరు అసలేమీ లేదు పొమ్మంటారు. ఎవరిది నిజం? మన జిల్లాకు భూకంపం మరీ కొత్తేమీ కాదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. కాబట్టి లారీ ఏదో, భూమి ఏదో తేల్చి చెప్పే సాధనం ఊళ్లోనే ఒకటి ఉంటే మంచిది గదా!

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ల దగ్గర గొప్ప యంత్రాలున్నాయి. అవి ఖరీదైనవి, ప్రతి బడిలో పెట్టలేరు. కానీ బొటనవేలంత ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని కోర్ మాడ్యూల్ అంటారు. దానికి కాస్త సరంజామా జోడిస్తే మన హాస్టల్ స్టోర్ రూములోనే అదురును రాసిపెట్టే పెట్టె తయారు చేయొచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు మైక్రోప్రాసెసర్ సంగతి. లెక్కలు చేసే, ఆజ్ఞలు పాటించే సిలికాన్ బిళ్ళ అది. 1971లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి పెట్టిన 4004 అనే బిళ్ళలో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. బల్ల మీద కంప్యూటరైతే పాటలు పాడుతుంది, ఉత్తరాలు రాస్తుంది, ఆటలాడిస్తుంది. అదే బిళ్ళను ఒక వస్తువులో దాచిపెట్టి ఒకే పని అప్పజెబితే దాన్ని ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు. మన పెద్దవాళ్లు ఓటేసే యంత్రం అలాంటిదే. హైదరాబాదులో ఈసీఐఎల్, బెంగుళూరులో బీఈఎల్ తయారు చేస్తాయి. మీట నొక్కితే ఓటు లెక్కపెట్టడం తప్ప ఇంకో పని దానికి తెలీదు. తెలీకపోవడమే దాని గొప్ప.

అయితే ఒట్టి ప్రాసెసర్ బిళ్ళ కొనుక్కొస్తే మనకేం ఒరగదు. దానికి కరెంటు సరిగ్గా అందించాలి. సెకనుకు కోట్లసార్లు తాళం వేసే క్రిస్టల్ కావాలి. ప్రోగ్రాము దాచుకునే ఫ్లాష్ మెమరీ కావాలి. వీటన్నిటినీ వెంట్రుక మందం తీగలతో కలపాలి. ఇదంతా చేత్తో అతికించడం మనవల్ల కాదు. కోర్ మాడ్యూలులో ఈ కష్టమంతా ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. ఉదాహరణకు షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ చేసే ఈఎస్‌పీ32 మాడ్యూలు చూడండి. వెడల్పు 18 మిల్లీమీటర్లు, పొడవు 25.5 మిల్లీమీటర్లు. అంత చిన్న దాంట్లో సెకనుకు 24 కోట్ల తాళాలదాకా నడిచే ప్రాసెసర్, 520 కిలోబైట్ల పని మెమరీ, మామూలుగా 4 మెగాబైట్ల ఫ్లాష్, వైఫై రేడియో, దాని ఏంటెన్నా అన్నీ ఉన్నాయి. అంచుల్లో చిన్న చిన్న కాళ్లుంటాయి. ఏ కాలికి ఏం తగిలించాలనేదే మన పని. బుర్ర వాళ్లిస్తారు, కళ్లూ చెవులూ చేతులూ మనం పెట్టుకోవాలి.

మన దేశంలోనూ ప్రాసెసర్లు తయారు చేశారు. మద్రాసు ఐఐటీ వాళ్లు 2018లో శక్తి అనే ప్రాసెసర్‌ను చిప్పుగా తెచ్చారు. తిరువనంతపురం సీడాక్ వాళ్లు వేగ అనే ప్రాసెసర్లు రూపొందించి, తేజస్ 32 అనే చిప్పుతో ఏరీస్ అనే చిన్న బోర్డులు తయారు చేశారు. పేర్లు మన భాషలకు దగ్గరగా ఉండటం నాకు నచ్చింది.

ఇక అసలు పనికొద్దాం. భూమి అదురును మాడ్యూలుకు ఎవరు చెప్పాలి? దానికి యాక్సెలెరోమీటర్ అనే సెన్సారు కావాలి. సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డం తిరుగుతుంది చూశారా, అది పనిగట్టుకుని చెప్పేది ఈ సెన్సారే. లోపల కంటికి కనపడనంత సిలికాన్ ముక్క స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. పెట్టె కదిలితే ఆ ముక్క కాస్త వెనకబడుతుంది, బస్సు కదిలినప్పుడు మనం వెనక్కి పడ్డట్టు. ఎంత వెనకబడిందో అంకెగా మార్చి మాడ్యూలుకు పంపిస్తుంది. కిందికీ పైకీ ఒక అంకె, తూర్పు పడమరలకు ఒకటి, ఉత్తర దక్షిణాలకు ఒకటి. సెకనుకు 100 సార్లు.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. ఒక్కో అంకెకు 2 బైట్లు. మూడు అంకెలు, 100 సార్లు అంటే సెకనుకు 600 బైట్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 5 కోట్ల 18 లక్షల బైట్లు! 4 మెగాబైట్ల ఫ్లాష్ మొత్తం ఖాళీగా ఉందనుకున్నా రెండు గంటలు తిరక్కుండానే నిండిపోతుంది. మెమరీ కార్డు తగిలిస్తే నెలల తరబడి పడుతుంది గానీ, అంతలోంచి మనకు కావలసిన రెండు సెకన్లు వెతకడమంటే వరిగడ్డిలో సూది వెతకడమే.

అందుకని ఒక ఉపాయముంది. మన మార్కాపురం పలక గుర్తు తెచ్చుకోండి. పలక నిండితే మొదటి వరస చెరిపి అక్కడే రాస్తాం, తర్వాత రెండో వరస చెరుపుతాం. అలా తిరుగుతూ రాస్తే పలక మీద ఎప్పుడూ చివరి కాసేపటి రాత మాత్రమే ఉంటుంది. మాడ్యూలు కూడా తన మెమరీలో రెండు నిమిషాల చోటు పలకలాగా వాడుకుంటుంది. 72,000 బైట్లు చాలు. అదురు వచ్చిందని తెలియగానే ఆ పలకను చెరపకుండా కార్డులోకి ఎక్కిస్తుంది. అదురు మొదలవకముందు నేల ఎలా ఉందో కూడా అందులో దొరుకుతుంది, అదే దీని అందం.

మరి అదురు వచ్చిందని దానికెలా తెలుస్తుంది? నేల ఎప్పుడూ కాస్త వణుకుతూనే ఉంటుంది. గాలికీ, మోటారుకీ, మన నడకకీ కూడా. అందుకే భూకంప శాస్త్రజ్ఞులు రెండు సగటులు పోలుస్తారు. చివరి ఒక సెకను సగటు ఒకటి, చివరి 30 సెకన్ల సగటు ఒకటి. మామూలప్పుడు మొదటిది 5, రెండోది 4 అనుకోండి. పెద్ద తేడా లేదు. ఉన్నట్టుండి మొదటిది 40 అయిందంటే పది రెట్లు! నాలుగు రెట్లు దాటితే పలక దాచు అని ప్రోగ్రాములో రాస్తాం. కూడికలూ భాగహారమూ వస్తే చాలు, ఏడో తరగతి వాళ్లక్కూడా అర్థమవుతుంది.

చిక్కేమిటంటే మన హాస్టల్లో పై మంచం మీంచి ఎవరైనా దూకినా నాలుగు రెట్లు దాటుతుంది! (ఎవరో చెప్పనక్కర్లేదు.) ఒక్క పెట్టెతో ఈ గొడవ తీరదు. ముండ్లమూరులో ఒకటి, దర్శిలో ఒకటి, తాళ్లూరులో ఒకటి పెట్టి, మూడూ కొద్ది సెకన్ల తేడాలో అదురు చూపిస్తే అది భూమే. ఒక్కటే చూపిస్తే లారీయో, మనవాడో.

ఇంకో లాభముంది. భూకంపంలో రెండు రకాల అలలు వస్తాయి. ముందొచ్చే అల సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, వెనకొచ్చే అల సుమారు మూడున్నర. రెండింటి మధ్య ఎన్ని సెకన్లు తేడా ఉందో చూసి 8తో హెచ్చిస్తే దూరం తెలుస్తుంది. ఒక సెకను తేడా ఉంటే 8 కిలోమీటర్లు, మూడు సెకన్లుంటే 24. మూడు ఊళ్ల నుంచి మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోటికి దగ్గర్లో అదురు పుట్టినట్టు. జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని ఎందుకిచ్చారా అనుకునేవాళ్లకు ఇదీ జవాబు.

కానీ మూడు పెట్టెల గడియారాలు కలవాలి. మామూలు క్రిస్టల్ పది లక్షల సెకన్లలో 20 సెకన్లు అటూ ఇటూ పోతుంది. చాలా తక్కువనిపిస్తుంది. రోజుకు లెక్కేస్తే 1.7 సెకన్లు. అంతసేపట్లో ముందొచ్చే అల పది కిలోమీటర్లు పోతుంది, ఊరే మారిపోయింది! అందుకని జీపీఎస్ ముక్క ఒకటి తగిలించి ఉపగ్రహాల నుంచి సరైన టైము తీసుకోవాలి.

ఇంకా ఒక సంగతి. ప్రోగ్రాము ఎక్కడో చిక్కుకుని మాడ్యూలు మొద్దుబారిపోవచ్చు. రాత్రి రెండింటికి లేచి ఎవరు చూస్తారు? అందుకే లోపల వాచ్‌డాగ్ అనే టైమరుంటుంది. కాపలాదారు గంటకోసారి గంట కొట్టకపోతే నిద్రపోయాడని తెలుసుకుని లేపినట్టు, ప్రోగ్రాము వేళకు సంకేతం ఇవ్వకపోతే అది మాడ్యూలును మళ్లీ మొదటినుంచి లేపుతుంది. కరెంటు పోతే? రేడియో ఆపేసి 50 మిల్లీ ఆంపియర్లతో నడిపితే 2,600 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు రోజులు లాగుతుంది.

ఇవన్నీ ఊహలు కావు. నేపాల్లో 2015లో పెద్ద భూకంపం వచ్చి వేలమంది పోయాక, పశ్చిమ నేపాల్లో 22 బడుల్లో రాస్ప్‌బెర్రీ షేక్ అనే చిన్న పెట్టెలు పెట్టారు. అందులోనూ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డే బుర్ర. సెన్సారు మాత్రం జియోఫోన్. తీగచుట్ట, అయస్కాంతం, స్ప్రింగు ఉంటాయి. ఒకటి కదిలితే కరెంటు పుడుతుంది. సెల్‌ఫోను రకం సెన్సారు మనకు తెలిసేంత దగ్గరి అదురునే పడుతుంది, జియోఫోన్ మనకు తెలియని సన్నటి అదురును కూడా పడుతుంది. డబ్బులుంటే అదే మేలు.

వార్డెన్ గార్లకు ఒక మాట. ఈ పెట్టె రేపు భూకంపం వస్తుందని చెప్పదు. అలా చెప్పే యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. కింద దగ్గర్లోనే పుట్టిన అదురైతే ముందుగా గంట మోగించేంత వ్యవధి కూడా ఉండదు. వచ్చింది నిజమా కాదా, ఎంతసేపు, ఎంత గట్టిగా అని మాత్రం కాయితం మీద చూపిస్తుంది. అది చూసి గోడలు, స్లాబు పరీక్ష చేయించాలా, పిల్లల్ని ఆ రాత్రి ఆరుబయట పడుకోబెట్టాలా అని నిర్ణయించొచ్చు.

పెట్టెను బల్ల మీద పెట్టకూడదు, బల్లే ఊగుతుంది. కింది గదిలో గచ్చుకు ఆనించి కదలకుండా అతికించాలి. వంటగదికి, గ్రైండరుకు, నీళ్ల మోటారుకు దూరంగా ఉండాలి. స్టోర్ రూములో వెనక మూల బాగుంటుంది. బిగించాక పది అడుగుల దూరంలో బియ్యం మూట ఒకటి ఎత్తి నేల మీద వేయించి, గీత లేచిందో లేదో చూడాలి. తర్వాత ఇరవై అడుగుల దూరంలో వేసి మళ్లీ చూడాలి. మూట మోసేది ఎవరనేది వంట మాస్టారుతో మాట్లాడుకుందాం.