రైలుదారుల ఆయువుపట్టులు

ఏ వంతెన పొడవైనది, ఏ వంతెన పురాతనమైనది యని మనవారు గొప్పగా చెప్పుకొనుట కలదు. ఏది తెగినచో దేశమున రాకపోకలు నిలిచిపోవునను ప్రశ్నమును మాత్రము, వరద వచ్చి తెంపువరకు ఎవరును వేసికొనరు. 2024 సెప్టెంబరు 1వ తేదీనాటి వానలకు మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు నిచ్చెనవలె గాలిలో వ్రేలాడినవి. అచట పేరుపొందిన నది లేదు. ప్రయాణికుడు కిటికీనుండి తొంగిచూడదగిన వంతెనయు లేదు. ఆ కొంచెపు మన్ను కరగినంతనే ఢిల్లీ, మద్రాసుల నడుమ నడుచు బండ్లు ఆగిపోయెను. వందలకొలది బండ్లు రద్దయ్యెను. కట్టను మరల పోసి బండ్లు నడుపుటకు కొన్ని దినములు పట్టెను.

నిజాము రాజ్యపు రైలుదారి బెజవాడకు వచ్చినది 1889లో. 1929లో కాజీపేట, బల్హార్షాల నడుమ పట్టాలు కలిసిన పిమ్మట అదియే ఉత్తర దక్షిణములను కలుపు రాజమార్గమయ్యెను. అదే సెప్టెంబరు దినములలో బుడమేరు పొంగి బెజవాడ చెంత రాయనపాడు స్టేషను నీట మునిగెను. మునేటి నీరు నందిగామ చెంత ఐతవరమున జాతీయ రహదారిమీదుగా పారి, హైదరాబాదు బండ్లు ఎక్కడివక్కడ నిలిచెను. రైలు లేకున్న బస్సు కలదుగదా యనుకొన్నవానికి బస్సును లేదు.

ఒక దారి విలువను తూచుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. పటమునుండి దానిని చెరిపివేసి, మిగిలిన దారులవెంట ప్రయాణికుడు ఎంత చుట్టు తిరుగవలెనో, ఆ చుట్టుదారి ఎన్ని బండ్లను మోయగలదో లెక్కింపవలెను. ఈ లెక్కలో కోట్లు పోసి కట్టిన వంతెన తేలిపోవచ్చును. ఊరిప్రక్కనున్న చిన్న తూము ఆయువుపట్టుగా నిలువవచ్చును. ఇది మొదటి పరీక్ష. తెగిన తావు ఎన్నాళ్లలో తెప్పరిల్లునన్నది రెండవది. ఇందు మన రైల్వే కార్మికులను మెచ్చుకొనక తప్పదు. కేసముద్రమున వానలోను బురదలోను రేయింబవళ్లు వారు చేసిన పని సామాన్యమైనది కాదు. కాని తెగినపిదప త్వరగా అతుకు నేర్పును చూచి, తెగకుండ కాపాడుకొను బాధ్యతను మరచుట మన అధికారులకు అలవాటైనది.

మూడవ పరీక్షయే మిక్కిలి ముఖ్యమైనది. ప్రత్యామ్నాయమని మనము చెప్పుకొను దారి వేరొక ముప్పునకు లోబడియున్నదా, లేక అదే ముప్పునకా? కాజీపేట దారి తెగినపుడు కొన్ని బండ్లను గుంటూరు, నడికుడి, పగిడిపల్లిమీదుగా మళ్లించిరి. అది ఒంటిదారి. దానిని జంటదారిగా చేయుటకు 2023లో కేంద్రప్రభుత్వమువారు అనుమతించిరి, మంచిదే. అయితే ఆ దారిమీదనే, వలిగొండ చెంత, 2005 అక్టోబరు 29వ తేదీన తెల్లవారుజామున ఏమి జరిగినదో పాఠకులకు జ్ఞాపకముండును. ఎగువ చెరువు తెగి, ఆ నీరు చిన్న వంతెనను తుడిచిపెట్టగా, సికింద్రాబాదు వచ్చుచున్న డెల్టా పాసింజరు ఆ గండిలో పడెను. నూరుమందికి పైగా మరణించిరి. 1954 సెప్టెంబరులో జనగామ చెంత యశ్వంతాపురము వాగుమీది వంతెన కూలినపుడును ఇట్టి ఘోరమే జరిగినది. నాడును మృతులు నూటికి మించిరి.

ఈ రెండు దుర్ఘటనలును గోదావరి మీదనో కృష్ణ మీదనో జరుగలేదు. మహానదులపై ఇంజనీర్లకు భయభక్తులు గలవు. రాజమహేంద్రవరమున 1900లో తెరచిన హేవలాకు వంతెనకు 1997లో విశ్రాంతినిచ్చునాటికి తక్కిన వంతెనలు సిద్ధముగనేయున్నవి. భయము లేనిది వాగులయెడ, చెరువులయెడ.

రైలుదారికి ముప్పు కలిగింపగల చెరువుల జాబితాలు రైల్వేవారియొద్ద కలవు. ఏటేట వానకాలమునకు మునుపు వారును రాష్ట్రపు నీటిపారుదల శాఖవారును కలిసి ఆ చెరువులను పరీక్షింపవలెనని నియమమును కలదు. కాని చెరువు రాష్ట్రముది, రైలుకట్ట కేంద్రముది. చెరువు ఇంజనీరుకు ఆయకట్టు తడిసిన చాలును. రైల్వే ఇంజనీరుకు చెరువుకట్టమీద గంపెడు మన్ను పోయుటకు అధికారము లేదు. ఇద్దరి నడుమ కట్ట బీటలు వారుచుండును. తెలంగాణమున చెరువులు గొలుసుకట్టుగా నుండుటచే పై చెరువు తెగిన నీరు క్రింది చెరువును తెంపుచు, అడుగడుగునకు బలిసి రైలుకట్టను తాకును.

ఇందు మనవంటి భూవసతి గలవారి పాత్రయు లేకపోలేదు. తెలంగాణమున మత్తడియని, కోస్తాలో అలుగని పిలుచు నీటి పోకడను ఎందరు దున్ని మళ్లు చేసికొనలేదు? పట్టణముల చెంత ఆ నేలయే ఇండ్లస్థలములుగా అమ్ముడుపోవుచున్నది. పోకడ మూసిన నీరు కట్టను త్రవ్వును. నేల లాభము ఒకరిది, ప్రయాణికుని ప్రాణము వేరొకరిది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినపుడు నెల్లూరు చెంత పడుగుపాడున రైలుదారియు, జాతీయ రహదారియు ఒక్కసారే దెబ్బతినెను. కొన్ని బండ్లు రేణిగుంట, గుంతకల్లుమీదుగా తిరిగిపోవలసివచ్చెను. ప్రక్కప్రక్కనే పోవు రెండు దారులను రెండని లెక్కించుట ఎంత భ్రమయో నాడు తేలినది. నేడు కాజీపేట బెజవాడల నడుమను, బెజవాడ గూడూరుల నడుమను మూడవ దారి వేయుచున్నారు. రద్దీ తగ్గుటకు అది కావలసినదే. అదే కట్ట ప్రక్కన వేసిన పట్టాలను అదే వరద విడిచిపెట్టదు. దీనికి భిన్నముగా, నడికుడినుండి వినుకొండ, దర్శి, కనిగిరి, వెంకటగిరిమీదుగా శ్రీకాళహస్తి చేరు మార్గము సముద్రతీరమునకు దూరముగా మెట్టనేలమీద పోవును. తుపానునాడు మద్రాసుకు మిగులగల దారి అది. సుమారు 309 కిలోమీటర్ల ఆ మార్గము 2011-12లో మంజూరైనది. దాని పని ఇన్నేండ్లు నత్తనడక నడచుటకు మన శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును సంజాయిషీ చెప్పవలెను. వారు కోరునవి క్రొత్త బండ్లు, తమ ఊరిలో నిలుపుదలలు.

ముందుగా జరుగవలసినది ఖర్చులేని పని. ముప్పు చెరువుల జాబితాను, ఏ చెరువును ఎవరు ఏ తేదీన చూచిరో, ఏమి కొరత కనుగొనిరో వ్రాసి, ఆయా గ్రామ పంచాయతీ కార్యాలయముల గోడమీద తెలుగున అంటింపవలెను. చెరువుకట్టకు పడిన బుంగ ఎక్కడనున్నదో ఊరివారికి ఇంజనీరుకన్న ముందే తెలియును. ఆ మాటను రాత్రివేళ ఏ స్టేషనుమాస్టరుకు చేరవేయవలెనో, ఆయన టెలిఫోను సంఖ్యయేదో ఆ కాగితముమీదనే యుండవలెను.