బంతికి లేని కులం బౌండరీకి ఎక్కడిది?

2023 జూన్ 4, ఆదివారం. గుజరాత్‌లోని పాటన్ జిల్లా కాకోశీ గ్రామం. బడి ఆటస్థలంలో క్రికెట్ మ్యాచ్ జరుగుతోంది. చూడ్డానికి వచ్చిన ఒక దళిత బాలుడు టెన్నిస్ బంతిని చేతిలోకి తీసుకున్నాడు. చేసిన నేరం అంతే. కులం పేరుతో తిట్టారు, బెదిరించారు. ఎందుకు తిడుతున్నారని ఆ పిల్లాడి బంధువు ఒకాయన అడిగాడు. అప్పటికి గొడవ సద్దుమణిగినట్టే కనిపించింది. సాయంత్రానికి ఒక గుంపు ఆయుధాలతో వచ్చింది. అడిగినాయన మీదా, ఆయన సోదరుడి మీదా దాడి చేసి, ఆ సోదరుడి బొటనవేలు నరికేసింది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది.

బంతి పట్టుకున్నది పిల్లాడు. వేలు పోయింది ప్రశ్నించినాయన తమ్ముడికో అన్నకో. అంటే కోపం బంతి మైలపడిందని మాత్రమే కాదు, 'ఎందుకు' అని అడిగినందుకు కూడా. ఊరి క్రికెట్‌లో కులం ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవాలంటే ఈ రెండు కోపాలనూ కలిపి చూడాలి.

ఆట మొదలయ్యేది నేల దగ్గర

మన ఊళ్లలో ఆదివారం మ్యాచ్‌కి కావలసినవి తక్కువే. తలా కొంత చందా, టెన్నిస్ బంతి, రెండు బ్యాట్లు, పాతడానికి మూడు కర్రలు. దొరకనిది నేల. కోత అయిన పొలం, ఎండిన చెరువు, బడి ఆవరణ, పంచాయతీ ఖాళీ జాగా, ఇవే గ్రౌండ్లు. పొలం సాధారణంగా భూమి ఉన్న కులాలది. ఎస్సీ కాలనీకి పంచింది ఇళ్ల స్థలాల మేరకే, ఆడుకునేందుకు జాగా మిగిల్చిన కాలనీలు అరుదు. అందుకే వాడ కుర్రాళ్లు ముళ్లకంపలు కొట్టి, గుంటలు పూడ్చి, పిచ్ చదును చేసుకున్న చోటు కూడా 'మాది, ఖాళీ చేయండి' అన్న ఒక్క మాటతో పోతుంది. భూమి ప్రశ్నే ఇక్కడ గ్రౌండ్ ప్రశ్నగా వస్తోంది.

బౌలింగ్ మనది, టాస్ వాళ్లది

సంక్రాంతికో వేసవికో పక్క ఊళ్లతో టోర్నమెంట్ పెడితే చాలాచోట్ల ఒక వింత కనిపిస్తుంది. వాడలో వేగంగా బంతి వేసే కుర్రాడు ఉంటే బండి మీద ఎక్కించుకుని మరీ 'ఊరి టీమ్'లోకి తీసుకెళ్తారు. గెలిస్తే భుజాల మీద మోస్తారు. కానీ కెప్టెన్ ఎవరు, ఎంట్రీ ఫీజు ఎవరు కడతారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో, కప్పు ఎవరింట్లో ఉంటుంది అన్నవి వేరే లెక్క ప్రకారం నడుస్తాయి. డ్రింక్స్ విరామంలో నీళ్ల బాటిల్ ఎత్తి పోసేది ఎవరికి, చేతికిచ్చేది ఎవరికి అన్నది గమనిస్తే చాలు, ఆ లెక్క తెలిసిపోతుంది.

వాడ టీమ్ ఊరి టీమ్‌ని ఓడించినప్పుడు ఇంకొకటి బయటపడుతుంది. ఎల్లప్పుడూ 'అరేయ్' అని పిలిచే ఇంటి కుర్రాడి మిడిల్ స్టంప్ ఎగిరిపోతుంది. నలుగురిలో అందరూ అరుస్తారు. పొలంలో, పంచాయతీలో కుదరని సమానత్వం పన్నెండు ఓవర్ల పాటు కుదురుతుంది. దాన్ని భరించలేకే చాలా మ్యాచ్‌లు 'అంపైర్ తప్పు' దగ్గర మొదలై కులం తిట్ల దగ్గర తేలతాయి.

మట్టి కప్పులో టీ తాగిన బౌలర్

ఇది పాత కథే. పల్వంకర్ బాలూ 1876లో చమార్ కుటుంబంలో పుట్టాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్‌లో పిచ్ చదును చేసే పనివాడిగా చేరాడు. నెట్స్‌లో గంటల తరబడి బౌలింగ్ చేయించుకున్న దొరలు బ్యాట్ మాత్రం చేతికివ్వలేదని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశారు. బాలూ ఎడమచేతి స్పిన్ లేకపోతే గెలవలేమని తెలిసి హిందూ జట్టు అతణ్ని తీసుకుంది. మైదానంలో అతను తాకిన బంతినే అందరూ తాకారు. టీ విరామంలో మాత్రం మిగతావాళ్లకు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో, బాలూకి బయట మట్టి కప్పులో ఇచ్చారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ అతనికి దక్కలేదు. తమ్ముడు విఠల్ 1923లో ఆ కెప్టెన్సీ దాకా వెళ్లగలిగాడు.

బాలూ విజయాలు చూసి గర్వపడిన దళిత యువకుల్లో అంబేద్కర్ ఒకరు. తర్వాత దారులు వేరయ్యాయి. 1932 పూనా ఒప్పందం మీద బాలూ కూడా సంతకం చేశాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీద పోటీ చేసి ఓడాడు. ఈ జీవితం చెప్పే పాఠం ఒకటుంది. ప్రతిభ మైదానంలోకి చోటు సంపాదించి పెడుతుంది. కప్పు మార్చడానికి ప్రతిభ ఒక్కటే చాలదు, హక్కు కావాలి.

హక్కు ఎక్కడ ఉంది?

రాజ్యాంగం 15(2) అధికరణం ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రజలందరి కోసం కేటాయించిన బహిరంగ స్థలాల్లో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. బడి ఆటస్థలం, పంచాయతీ జాగా ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం ఉమ్మడి వనరుల వాడకాన్ని, బహిరంగ స్థలాల్లో ప్రవేశాన్ని అడ్డుకోవడం నేరం. నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడం సెక్షన్ 3(1)(ఎస్) కింద, అవమానించాలనే ఉద్దేశంతో కించపరచడం 3(1)(ఆర్) కింద నేరాలు.

ఇక్కడ ఒక మెలిక తెలుసుకోవాలి. స్థలం ప్రైవేటుదైనా, జనం చూస్తుండగా తిడితే ఈ సెక్షన్లు వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. కాబట్టి 'అది మా పొలం' అన్న వాదన కులం తిట్టును కాపాడదు. అయితే చూసినవాళ్లు బాధితుడి బంధువులూ స్నేహితులూ మాత్రమే అయితే కేసు బలహీనపడుతుంది. అందుకే ఎదుటి ఊరి ఆటగాళ్లు, స్కోరు రాసినవాళ్లు, ప్రేక్షకుల పేర్లు వెంటనే రాసిపెట్టుకోవాలి. మ్యాచ్ వీడియో ఉంటే అది తీసిన ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకూడదు.

ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని సెక్షన్ 18ఎ స్పష్టంగా చెబుతోంది. 'పిల్లల ఆట గొడవ, రాజీ పడండి' అని పోలీసులు తిప్పి పంపితే, విధి నిర్వహణలో నిర్లక్ష్యం సెక్షన్ 4 కింద శిక్షార్హమని గుర్తుచేయాలి. మీరు నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి.

కేసు దాకా రాకముందే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో సచివాలయాల స్థాయి నుంచి ఆటల పోటీలు పెట్టారు. మీ ఊళ్లో ఆ స్థలం ఎక్కడుంది, వాడకు ఎంత దూరం, తాళం ఎవరి దగ్గర ఉంది? గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు తీర్మానంలో రాయించండి.

కారంచేడులో గొడవ చెరువు దగ్గర మొదలైంది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలైంది. నీళ్లు, కుర్చీ, బంతి. పైకి చూస్తే చిన్న విషయాలే. అందరికీ చెందాల్సిన చోట దళితుడు అందరిలా మసలడమే ప్రతిచోటా అసలు కారణం. వచ్చే ఆదివారం మన పిల్లాడి దగ్గరికి బంతి దొర్లుకుంటూ వస్తే, వాడు భయపడకుండా తీసి విసరగలగాలి. ఆ బంతి అందుకున్నవాడు మారు మాట లేకుండా ఆట కొనసాగించాలి. మనం అడుగుతున్నది అంతే.