మీకు తెలుసా? తలలోని పేనుకు చెట్టుమీద చుట్టము

మనుష్యుని తలను ఆశ్రయించు పేనును, ఉష్ణమండల వృక్షకాండములపై పట్టుతెర నేసికొని గుంపుగా బ్రతుకు ఆర్కిప్సోసిడే కుటుంబపు నిరపాయ కీటకమును నేటి శాస్త్రజ్ఞులు సోకోడియా అను ఒకే గణమున చేర్చియున్నారు.

పూర్వము పేలు థిరాప్టెరా గణమునను, ఆ నేతకీటకము చేరిన బెరడుమీది సోసిడ్లు సోకాప్టెరా గణమునను వేర్వేరుగా నుండెను. పేలు సోసిడ్ల వంశమునుండియే చీలినవని జన్యుపరీక్షలవలన తేలిన పిదప రెండును ఏకమైనవి. అయితే పేనుకు మిక్కిలి దగ్గరి బంధువు ఈ నేతగాని కుటుంబము కాదు, పాత పుస్తకముల పుటలనడుమ పరుగులిడు లైపోసెలిస్ అను పురుగు. ఆ రెండును ట్రోక్టోమార్ఫా ఉపగణమునకు చెందగా, ఆర్కిప్సోసిడే సోకోమార్ఫాలో నిలిచినది.

ఇంచుమించు 2 మిల్లీమీటర్ల ఆర్కిప్సోసిడే కీటకము తన నోటినుండి వెలువడు దారముతోనే బెరడుపై పలుచని తెరను పరచి, దాని మరుగున నాచును బూజును మేయుచుండును. విచిత్రమేమన, ఈ కుటుంబమున కొన్ని జాతులు గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. భద్రాచలము వైపు కిన్నెరసాని అడవులలో వానకాలమున మద్దిమాను బెరడుపై సోసిడ్లు కనబడినచో, పేలచుట్టములని జంకనక్కరలేదు, వానికి నెత్తురు రుచి తెలియదు.