శుభ్రం చేసే బ్యాక్టీరియానే మెంబ్రేన్‌కు ఎందుకు అడ్డం పడుతుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) మెంబ్రేన్లు వాడుతున్నారు. మురుగునీటిని శుభ్రం చేసేది బ్యాక్టీరియాయేనని ఆపరేటర్ చెబుతారు. మెంబ్రేన్లు మూసుకుపోతే ఆ పనీ బ్యాక్టీరియాదేనంటారు. రెండు మాటలూ ఎలా నిజమవుతాయి?

జవాబు: మీ ఆపరేటర్ చెప్పింది నిజమే. అది అర్థం కావాలంటే ముందు తొట్టిలో ఏం జరుగుతుందో చూడాలి. మురుగునీటిలోకి బ్లోవర్‌తో గాలి ఊదితే బ్యాక్టీరియా అందులోని మలినాలను తిని పెరుగుతుంది, గుంపులు కట్టి బురదగా మారుతుంది. ఆ బురదను పారబోయకుండా మళ్లీ తొట్టిలోకే తిప్పుకుంటే శుద్ధి ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుందని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించారు. నేటి పెద్ద ప్లాంట్లలో చాలావాటికి ఇప్పటికీ ఆధారం అదే.

అయితే చివరికి నీటిని, బురదను విడదీయాలి. పాత పద్ధతిలో బురద తన బరువుతో తానే అడుగుకు దిగేదాకా నీటిని ఒక పెద్ద తొట్టిలో నిలిపి ఉంచుతారు. సెల్లార్‌లో అంత చోటెక్కడిది? అందుకే ఆ తొట్టి స్థానంలోకి మెంబ్రేన్, అంటే సన్నని రంధ్రాల వడపోత పొర, వచ్చింది. మొదట్లో మెంబ్రేన్ బయట ఉండేది, పంపుతో బురదనీటిని దాని మీదుగా జోరుగా తిప్పేవారు. కరెంటు ఖర్చు భరించరానంతగా ఉండేది. మెంబ్రేన్‌ను నేరుగా తొట్టిలోనే ముంచి, లోపలి నుంచి నెమ్మదిగా పీల్చవచ్చని 1989లో జపాన్‌కు చెందిన కజువో యమమోటో బృందం చూపించాక ఈ పద్ధతి ఊపందుకుంది.

తొట్టిలో సేమ్యా కట్టలా వేలాడేవి బోలు దారాలు. వాటి గోడల్లోని రంధ్రాలు ఒక రకంలో 0.04 మైక్రాన్లు. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది కాబట్టి లోపలికి దూరలేదు. పంపు లాగుతుంటే నీరు లోపలికి వెళుతుంది, బ్యాక్టీరియా బయట ఆగిపోతుంది.

అది ఊరకే ఆగి ఉంటే చిక్కే లేదు. పంపు మొదలైన కాసేపటికే నీటిలో కరిగి ఉన్న ప్రొటీన్లు, చక్కెర పదార్థాలు దారాల మీద సన్నగా అంటుకుంటాయి. ఆ పూత మీద బ్యాక్టీరియా కుదురుకుని తన చుట్టూ జిగురు కారుస్తుంది. పొడుగాటి చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ కలిసిన జిగురది. పెరటి నీళ్లతొట్టి గోడకు చేయి తగిలితే జర్రున జారేదీ ఇలాంటిదే. దానిలో అధిక భాగం నీరే, అయినా ఆ నీరు కదలదు. కొత్త నీటినీ సులువుగా పోనివ్వదు.

ఇదే జిగురు తొట్టిలో మరో పని చేస్తోంది: విడివిడి కణాలను గుంపులుగా పట్టి ఉంచుతోంది. గుంపులు కట్టకపోతే సన్నని నలుసులు విడిపోయి మెంబ్రేన్‌ను ఇంకా త్వరగా పూడ్చేస్తాయి. అంటే జిగురు లేని ప్లాంటును కోరుకోలేం. అది మోతాదు మించకుండా చూసుకోగలం, అంతే. బ్యాక్టీరియాకు ఇబ్బంది కలిగితే జిగురు పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ మురుగు రావడం, గాలి చాలకపోవడం, ఉప్పదనం హఠాత్తుగా మారడం, డ్రెయిన్లలో సీసాలకు సీసాలు క్లీనర్లు పోయడం అలాంటి ఇబ్బందులే.

మెంబ్రేన్ ఒక్కరోజులో మూసుకుపోదు. వారాల తరబడి పీల్చే ఒత్తిడి కొద్దికొద్దిగా పెరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత ఒకరోజు అమాంతం ఎగబాకుతుంది. కారణం పంపే. దానికి రోజూ ఇంత నీరు లాగాలని లెక్క. సగం రంధ్రాలు పూడినా అది తన వాటా తగ్గించుకోదు, తెరిచి ఉన్న మిగతా రంధ్రాల్లోంచే అంత నీరూ లాగుతుంది. అక్కడ వేగం రెట్టింపవుతుంది, ఆ వేగానికి జిగురూ బురదా అక్కడా వచ్చి అతుక్కుంటాయి. దాంతో మిగిలిన కొద్దిపాటి రంధ్రాల మీద భారం ఇంకా పెరుగుతుంది. పైగా మందమైన పొర అడుగున ఆక్సిజన్ అందక కణాలు చచ్చి మరింత జిగురు వదులుతాయి. అంత నెమ్మదిగా మొదలైనది చివర్లో గంటల వ్యవధిలో ముదరడానికి కారణం ఇదే.

దీన్ని ఆపేందుకు చాలా ప్లాంట్లలో దారాల కింద నుంచి బుడగలు వదులుతారు, అవి దారాలను రాపాడుతూ పైకి పోతాయి. మెంబ్రేన్ ప్లాంటు కరెంటు బిల్లులో పెద్ద వంతు ఈ గాలిదే. నిమిషాల లెక్కన పీల్చి కాసేపు ఆగడం, శుభ్రమైన నీటిని లోపలి నుంచి వెనక్కి తోయడం, అప్పుడప్పుడూ పలచని హైపోతో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణంతో) కడగడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు గాఢమైన హైపోలో నానబెట్టడం కూడా చేస్తారు. బోరు నీరు వాడే చోట సున్నం పేరుకుంటుంది, దానికి సిట్రిక్ యాసిడ్. హైపో జిగురును బాగానే విరుస్తుంది కానీ ప్రతి కడుగుడుకూ మెంబ్రేన్ ఆయుష్షు కొంత తరుగుతుంది. మురుగునీటిని తిరిగి వాడుకునేలా శుద్ధి చేసే సింగపూర్ న్యూవాటర్‌లోలా మెంబ్రేన్ తర్వాత ఆర్‌ఓ కూడా ఉంటే చిక్కు ఇంకా పెద్దది: ఆర్‌ఓ పొరను క్లోరిన్ పాడుచేస్తుంది, అందుకని మెతకగా పనిచేసే క్లోరమిన్ వాడతారు. అయినా బతికిన కొద్దిపాటి కణాలు చచ్చినవాటినే తిని మళ్లీ పెరుగుతాయి.

సియోల్‌లో చుంగ్ హాక్ లీ బృందం 2009లో వేరే దారి పట్టింది. బ్యాక్టీరియా రసాయన సంకేతాలతో ఒకదాన్నొకటి పసిగట్టి, జనం చాలినంత చేరాక జిగురు పని మొదలుపెడుతుంది. ఆ సంకేతాలను ఎంజైముతో విరిచేస్తే పొర నెమ్మదిగా పేరుకుంటుందని వాళ్లు చూపించారు. తర్వాత ఆ ఎంజైమును తయారుచేసే రోడోకాకస్ బ్యాక్టీరియానే గుళికల్లో బంధించి తొట్టిలో వదిలారు. బ్యాక్టీరియా మీదికి బ్యాక్టీరియానే ఉసిగొల్పడమన్నమాట. ఆలోచన నాకు నచ్చింది, అయితే మీ సెల్లార్‌కు ఇప్పుడే వచ్చేది కాదు.

నా మట్టుకు అన్నిటికంటే నమ్మదగిన మందు నిదానం. ఒక హద్దు కంటే తక్కువ వేగంతో లాగితే పేరుకోవడం చాలా మందగిస్తుందని ఫీల్డ్, హోవెల్ తదితరులు 1995లోనే చెప్పారు. మామూలుగా ఒక చదరపు మీటరు మెంబ్రేన్ నుంచి గంటకు 15 నుంచి 25 లీటర్లు లాగుతారు. కొటేషన్‌లో ధర తగ్గించడానికి సులువైన దారి మెంబ్రేన్ విస్తీర్ణం తగ్గించడమే, ఆ పొదుపు తర్వాత హైపో డబ్బాలుగా తిరిగొస్తుంది. కాబట్టి కొనేటప్పుడు విస్తీర్ణం అడగండి. కొన్నాక వాక్యూమ్ గేజ్ అంకెను రోజూ పుస్తకంలో రాయించండి, అంకె మెల్లగా ఎక్కుతున్నప్పుడే కడిగించండి. ఒక జాగ్రత్త: హైపో, యాసిడ్ ఒకే తొట్టిలో కలవనివ్వకండి. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న సెల్లార్‌లో అది ప్రాణం తీస్తుంది.