గిట్టలు ఒకేలా, వంశాలు వేరువేరు

దమ్ము చేసిన పొలంలో అడుగు వేస్తే కాలు పిక్క దాకా దిగబడుతుంది కదా! మరి బ్రతుకంతా బురదలోనే గడిపే జింకలున్నాయంటే నమ్ముతారా? ఆఫ్రికాలోని లెచ్వే, సితతుంగ అటువంటివే.

లెచ్వేలు జాంబియా, బోట్స్‌వానా దేశాల్లో వరదనీరు నిలిచే మైదానాల్లో మందలుగా మేస్తాయి. సితతుంగ జమ్ముదుబ్బుల్లో నక్కి ఉంటుంది. ప్రమాదం ఎదురైతే ముక్కు మాత్రం పైకి ఉంచి నీటిలో మునుగుతుంది. రెండింటి గిట్టలూ పొడవైనవి. అడుగు వేయగానే రెండుగా విచ్చుకుంటాయి. బరువు ఎక్కువ చోటికి పంపిణీ కావడం వల్ల కాలు అంతగా దిగబడదు.

అయితే ఇవి దగ్గర చుట్టాలా? కావు. రెండూ 'బోవిడే' కుటుంబంలోవే గాని, శాఖలు వేరు. కొమ్ములు పరిశీలించండి. లెచ్వే కొమ్ములపై మన కృష్ణజింక కొమ్ములకు మల్లే అడ్డంగా కణుపులుంటాయి. మెలితిరిగిన సితతుంగ కొమ్ములకు అవి ఉండవు. సితతుంగ ఆవు, గేదె, నీల్‌గాయి ఉన్న శాఖలోది; లెచ్వే కృష్ణజింక ఉన్న శాఖలోది. డి.ఎన్.ఎ. పరీక్షలూ ఈ విభజననే బలపరిచాయి.

మరి గిట్టలు ఎందుకు కలిశాయి? బాతుకూ కప్పకూ కాలివేళ్ళ మధ్య పొర ఉంటుంది. అంతమాత్రాన అవి అన్నదమ్ములా? ఒకే రకమైన పరిసరాల్లో బ్రతికే వేర్వేరు వంశాల జీవులకు ఒకే రకమైన అవయవాలు ఏర్పడవచ్చు. దీనినే 'అభిసారి పరిణామం' అంటారు.

లెచ్వే, వాటర్‌బక్, రీడ్‌బక్‌లు 'రెడున్సిని' అనే తెగకు చెందినవి. ఈ తెగ నేడు ఆఫ్రికాలోనే ఉంది. కాని దాని శిలాజాలు మన హిమాలయాల పాదాల వద్దనున్న శివాలిక్ కొండల్లో కూడా దొరికాయి! అంటే లక్షల ఏళ్ళ క్రితం ఈ జింకల బంధువులు మన ఉపఖండంలోనూ మేసేవి. తరువాత ఇక్కడ అంతరించాయి.

ఆఫ్రికాలో మిగిలినవాటికీ ముప్పు తప్పలేదు. జాంబియాలో కఫ్యూ నదిపై 1970లలో రెండు ఆనకట్టలు కట్టారు. దానితో వరద వచ్చే తీరు మారిపోయింది. ఆ దశకం మొదట్లో సుమారు 90 వేలున్న అక్కడి లెచ్వేలు తరువాత సగానికి పైగా తగ్గాయి. వేట కూడా ఇందుకు ఒక కారణం.

బురద కోసం లక్షల ఏళ్ళలో రూపొందిన గిట్ట, బురద ఎండిపోతే కొద్ది ఏళ్ళలో మారగలదా? మీరే ఆలోచించండి.