కంప్యూటర్ వేడికి లోహపు రెక్కలు: ఎక్కడ అవసరం, ఎక్కడ ఆడంబరం

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణులలో కంప్యూటర్ విడిభాగాలు కొనేవారిని ఒక సందేహం పీడిస్తూ ఉంటుంది. ఒకే సామర్థ్యం గల రెండు మెమరీ మాడ్యూళ్లలో ఒకటి ఆకుపచ్చని బోర్డుతో సాదాసీదాగా కనిపిస్తుంది. రెండవది రంగుల లోహపు తొడుగుతో మెరుస్తూ, ధరలో కొంత అధికంగా ఉంటుంది. ఆ తొడుగు వేడిని నిజంగా తగ్గిస్తుందా, లేక కంటికి ఇంపు మాత్రమేనా అన్నదే ఆ సందేహం.

దీనికి అన్ని భాగాలకూ వర్తించే ఒకే సమాధానం లేకపోవడం గమనార్హం. ప్రాసెసర్ విషయంలో లోహపు రెక్కల ఆవశ్యకత వివాదాతీతం. సాధారణ మెమరీ విషయంలో ప్రయోజనం స్వల్పం. అత్యధిక వేగంతో పనిచేసే నిల్వ పరికరాలకు మాత్రం వాడకాన్ని బట్టి అవసరం మారుతుంది.

వేడి మాయం కాదు

కంప్యూటర్ చిప్ వినియోగించుకునే విద్యుత్తు దాదాపు యావత్తూ చివరకు వేడిగానే పరిణమిస్తుంది. ప్రాసెసర్ 100 వాట్లు వాడుకుంటున్నదంటే, తపాలా బిళ్లంత సిలికాన్ ముక్క 100 వాట్ల పాతకాలపు బల్బు వెదజల్లేటంత వేడిని పుట్టిస్తున్నదని అర్థం. ఏ లోహమూ ఆ వేడిని హరించలేదు. ఒకచోటి నుంచి మరొక చోటికి తరలించడం మాత్రమే దాని పని.

ఈ తరలింపు రెండు అంచెలలో సాగుతుంది. చిన్న స్థలంలో పోగుపడిన వేడిని విశాలమైన పలకపై పరచడం మొదటి అంచె. ఈ పని చేసే పలకను హీట్ స్ప్రెడర్ అంటారు. అలా పరచుకున్న వేడిని గాలికి అప్పగించడం రెండవ అంచె. దీనికై అనేక పలుచని రెక్కలతో రూపొందించిన దిమ్మెయే హీట్‌సింక్. రెక్కల వల్ల గాలి తగిలే వైశాల్యం అనేక రెట్లు పెరుగుతుంది. ఫ్యాన్ ఆ వేడిగాలిని తొలగించి కొత్త గాలిని అందిస్తుంది. రెండవ అంచె లేకుండా మొదటిది ఒక్కటే ఉంటే వేడి పెరగడం కొంత ఆలస్యమవుతుందే తప్ప నిలువరించబడదు.

ఉష్ణ వాహకతలో రాగి విలువ మీటరుకు, డిగ్రీకి దాదాపు 400 వాట్లు కాగా, అల్యూమినియం విలువ సుమారు 237. గాలి విలువ 0.026 మాత్రమే. అందుచేతనే చిప్‌కూ లోహానికీ నడుమ వెంట్రుకవాసి గాలి పొర మిగిలినా ఖరీదైన రాగి దిమ్మె సైతం నిరుపయోగమవుతుంది. నున్నగా కనిపించే లోహతలాలపైనా సూక్ష్మమైన గుంటలు ఉంటాయి. వాటిలోని గాలిని వెళ్లగొట్టేందుకు పూసేదే థర్మల్ పేస్ట్. దాని వాహకత రాగితో పోలిస్తే ఎంతో తక్కువ అయినప్పటికీ, గాలి కంటే వంద రెట్లకు పైగా మెరుగు. కనుక పలుచగా, సమంగా పూయడమే మేలు. మందంగా దట్టిస్తే పేస్టే అడ్డుగోడగా మారుతుంది.

ప్రాసెసర్ల చరిత్రే సాక్ష్యం

1985లో ఇంటెల్ విడుదల చేసిన 386 ప్రాసెసర్ ఏ రెక్కలూ లేకుండానే పనిచేసేది. 1993లో వచ్చిన 66 మెగాహెర్ట్జ్ పెంటియం దాదాపు 16 వాట్ల వేడిని వెలువరించడంతో హీట్‌సింక్, ఫ్యాన్ సర్వసాధారణమయ్యాయి. 2004 నాటి పెంటియం-4 రకాలలో కొన్ని 115 వాట్లకు చేరాయి. వేగాన్ని ఇంకా పెంచుతూ పోతే వేడిని అదుపు చేయడం అసాధ్యమని తేలడంతో, ఇంటెల్ అదే సంవత్సరం మే నెలలో తన తదుపరి టెజాస్ ప్రాసెసర్ పథకాన్ని విరమించుకుంది. ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లను అమర్చే పద్ధతికి పరిశ్రమ మళ్లడానికి వేడి సమస్య ప్రధాన కారణాలలో ఒకటి.

హీట్‌సింక్ లేకపోతే ఏమవుతుందన్నది 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక సమీక్షా సంస్థ బహిరంగంగా చూపించింది. పనిచేస్తున్న కంప్యూటర్ నుంచి హీట్‌సింక్‌ను ఊడదీయగా, నాటి ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ క్షణాలలో పొగలు చిమ్ముతూ నాశనమైంది. పెంటియం-4 మాత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుని పని కొనసాగించింది. అనంతర కాలంలో ఈ స్వీయరక్షణ ఏర్పాటు అన్ని ప్రాసెసర్లకూ వచ్చింది. ఫలితంగా నేటి చిప్ వేడికి కాలిపోవడం అరుదు. అయితే నష్టం మరో రూపంలో ఉంటుంది. కొనుగోలుదారు పూర్తి వేగానికి ధర చెల్లించి, తగ్గిన వేగాన్ని మాత్రమే పొందుతాడు.

చిప్‌పై అమర్చే మూత సంగతి కూడా పేర్కొనదగినదే. 2012లో ఇంటెల్ తన ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో సిలికాన్‌కూ మూతకూ నడుమ లోహపు టంకానికి బదులు పేస్ట్‌ను వాడింది. వేడి పెరిగిందని గ్రహించిన ఔత్సాహికులు మూతలు ఊడదీసి, మెరుగైన పదార్థం నింపి ఉష్ణోగ్రతను గణనీయంగా తగ్గించగలిగారు. 2018 నాటి కోర్ ఐ9-9900కేతో ఇంటెల్ తిరిగి టంకాన్నే ఆశ్రయించింది. మూత లోహం ఎంత శ్రేష్ఠమైనా అతుకు బలహీనమైతే ఫలితం అంతంత మాత్రమేనని దీనితో రుజువైంది.

మెమరీకి తొడుగు ఎందుకు?

మెమరీ మాడ్యూల్ పరిస్థితి వేరు. అది వాడుకునేది సాధారణంగా కొద్ది వాట్లు మాత్రమే. ఆ కాస్త వేడి కూడా అనేక చిప్‌ల మధ్య పంపిణీ అవుతుంది. పైగా తరం తరానికీ వోల్టేజీ తగ్గుతూ వచ్చింది. డీడీఆర్3లో 1.5 వోల్టులు ఉండగా, డీడీఆర్4లో 1.2కు, డీడీఆర్5లో 1.1కు దిగింది. ఈ చిప్‌లు సాధారణంగా 85 డిగ్రీల సెల్సియస్ వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. అది దాటితే 95 డిగ్రీల వరకు పనిచేయగలిగినా, దాచిన సమాచారాన్ని రెట్టింపు తరచుగా పునరుద్ధరించుకోవలసి వస్తుంది.

తొడుగుల సంప్రదాయం నిష్కారణంగా పుట్టలేదు. 1990 దశకం చివర వచ్చిన రాంబస్ మెమరీలో పనిభారం ఒక్కో సమయాన ఒక్కో చిప్‌పై కేంద్రీకృతమై అది బాగా వేడెక్కేది. ఆ వేడిని మిగతా చిప్‌లపైకి పరచడానికి లోహపు పలక అత్యవసరమైంది. 2006 ప్రాంతంలో సర్వర్లకు వచ్చిన మరో రకం మెమరీలోనూ అదనపు నియంత్రణ చిప్ కారణంగా అదే అవసరం ఏర్పడింది. ఆ రకాలు కాలగర్భంలో కలిశాయి. తొడుగు మాత్రం అలంకారంగా మిగిలింది. నిర్ణీత పరిమితికి మించి వోల్టేజీ, వేగం పెంచుకునేవారికీ, గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి సోకే కంప్యూటర్లకూ, విద్యుత్ నియంత్రణ చిప్‌ను మాడ్యూల్‌పైనే మోసే వేగవంతమైన డీడీఆర్5కూ అది కొంత ఉపకరిస్తుంది. కార్యాలయ పనులకూ, విద్యార్థుల అవసరాలకూ దానికై అదనంగా వెచ్చించడంలో అర్థం లేదు.

నిల్వ పరికరాలైన ఎం.2 ఎస్ఎస్‌డీల విషయంలో నియంత్రణ చిప్పే కీలకం. పెద్ద ఫైళ్లను ఏకధాటిగా రాసేటప్పుడు అది వేడెక్కి తన వేగాన్ని తగ్గించుకుంటుంది. వీడియో ఎడిటింగ్ వంటి పనులలో, ముఖ్యంగా పీసీఐ 5.0 తరం పరికరాలలో హీట్‌సింక్ వ్యత్యాసం స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న చిన్న పనులలో కనిపించదు. మదర్‌బోర్డ్‌తో వచ్చే లోహపు మూతను బిగించేటప్పుడు దాని అడుగునున్న మెత్తపై అంటించిన ప్లాస్టిక్ పొరను తొలగించకపోతే ఉన్న ఉపయోగమూ పోతుంది.

మన వేసవిలో లెక్క మారుతుంది

చల్లని దేశాల సమీక్షలను యథాతథంగా నమ్మడంలో ఒక చిక్కు ఉంది. హీట్‌సింక్, ఫ్యాన్ ఎంత గొప్పవైనా చిప్‌ను చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబరచలేవు. ఉదాహరణకు, ఒక్కో వాట్‌కు 0.3 డిగ్రీల తేడా చూపే హీట్‌సింక్‌పై 100 వాట్ల ప్రాసెసర్ గాలి కంటే 30 డిగ్రీలు అధికంగా వేడెక్కుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో అది 55 డిగ్రీలు. 45 డిగ్రీల గదిలో 75 డిగ్రీలు. రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. పాకిస్థాన్‌లోని జాకోబాబాద్ కూడా 50 డిగ్రీలు దాటే పట్టణాలలో ఒకటి. ఇటువంటి ప్రాంతాలలో గదిలోని గాలే అసలు సమస్య.

దానికి దుమ్ము తోడైతే రెక్కల సందులు పూడిపోతాయి. బల్ల అడుగున చెక్కపెట్టెలో కంప్యూటర్‌ను బిగించడం, గోడకు ఆనించి ఉంచడం వల్ల వెలువడిన వేడిగాలే తిరిగి లోపలికి చేరుతుంది. కొత్త తొడుగులు కొనే ముందు దుమ్ము దులపడం, గాలికి దారి వదలడం, ఏళ్ల తరబడి ఎండిన పేస్ట్‌ను మార్చడం అతి స్వల్ప వ్యయంతో అధిక ఫలితమిచ్చే పనులు.

నీటి వైపు మొగ్గు

భారీ కంప్యూటర్లలో గాలి సామర్థ్యం హద్దులకు చేరింది. కృత్రిమ మేధ అవసరాలకై ఎన్విడియా 2022లో ప్రకటించిన హెచ్100 చిప్‌లలో ఒక్కొక్కటి 700 వాట్ల వరకు వాడుకుంటుంది. జాతీయ సూపర్ కంప్యూటింగ్ పథకం కింద 2022లో రూర్కీ ఐఐటీలో నెలకొల్పిన పరమ్ గంగ, గాంధీనగర్ ఐఐటీలోని పరమ్ అనంత వ్యవస్థలలో చిప్‌ల సమీపానికే ద్రవాన్ని ప్రవహింపజేసి వేడిని తొలగించే పద్ధతిని అవలంబించారు. విద్యుత్ ఖర్చు తగ్గించడమే ఇందులోని ఉద్దేశం. డేటా సెంటర్‌లో గణనకు వినియోగమయ్యే ప్రతి యూనిట్‌కూ చల్లదనం తదితరాలకు మరో అర యూనిట్ వ్యయమైతే, బిల్లు ఒకటిన్నర రెట్లవుతుంది.

దేశీయ పరిశ్రమకూ ఈ విషయం ముఖ్యమే. గుజరాత్‌లోని సనంద్‌లో మైక్రాన్ సంస్థ 2023లో ప్రకటించిన కర్మాగారం, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా సంస్థకు 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 27,000 కోట్ల రూపాయల కర్మాగారం చిప్‌ల కూర్పు, పరీక్షలకు ఉద్దేశించినవి. సిలికాన్ నుంచి వేడి బయటపడే తొలి దారి నిర్ణయమయ్యేది ఆ కూర్పు దశలోనే. అక్కడ జరిగిన లోపాన్ని తరువాత ఎన్ని రెక్కలు తగిలించినా పూర్తిగా సరిదిద్దడం సాధ్యం కాదు.

సామాన్య కొనుగోలుదారు విషయానికి వస్తే, ప్రాసెసర్‌కు తగిన హీట్‌సింక్, గాలి ధారాళంగా ఆడే పెట్టె కొనడంలో పొదుపు పనికిరాదు. మెమరీపై మెరిసే తొడుగు విషయంలో మాత్రం పొదుపే వివేకం.