డెల్టా పొలాల మీద బ్యాటరీ విమానం

రేడియోతో నడిచే ఎలక్ట్రిక్ మోడల్ విమానం చూడటానికి ఆటవస్తువే. గాల్లోకి లేచాక మాత్రం పెద్ద విమానానికి వర్తించే సూత్రాలన్నీ దానికీ వర్తిస్తాయి. రెక్క మీదుగా గాలి తగినంత వేగంగా పారినంతసేపే అది ఎగురుతుంది. వేగం తగ్గితే ముక్కు వాల్చి పడిపోతుంది. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌కూ దీనికీ తేడా ఇక్కడే. డ్రోన్‌లోని చిన్న కంప్యూటర్ దాన్ని గాల్లో ఒకేచోట నిలబెట్టగలదు. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500కు పైగా డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీసినప్పుడు వాటిని నడిపింది ముందే రాసిపెట్టిన ప్రోగ్రామే. మోడల్ విమానాన్ని నడిపేది నేల మీద నిలబడ్డ మనిషి చూపు, అతని రెండు బొటనవేళ్ళు. ఈ అభిరుచిలోని ఆనందమంతా అక్కడే ఉంది.

అధికారికంగా నమోదైన తొలి ఎలక్ట్రిక్ రేడియో విమానం 1957 జూన్ 30న బ్రిటన్‌లో ఎగిరింది. కల్నల్ టాప్లిన్ తన ‘రేడియో క్వీన్’కు వెండి-జింకు బ్యాటరీ అమర్చి దాన్ని ఎగరేశారు. ఆ తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలు బ్యాటరీ బరువే ఈ విమానాలకు అడ్డు తగిలింది. ఎక్కువమంది మెథనాల్‌లో ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్లే వాడేవారు. వాటి రొద చాలా దూరం వినిపించేది, విమానమంతా జిడ్డయ్యేది. 2000 తర్వాత లిథియం పాలిమర్ బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు చవకగా దొరకడంతో పరిస్థితి మారింది. ఊళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే కృష్ణా డెల్టాలో రొద లేకపోవడమే పెద్ద వరం.

విమానంలో ఉండే సరంజామా తక్కువే. మోటారు, దానికి కరెంటును కొలిచి పంపే స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ, రేడియో రిసీవర్, రెక్కల అంచులనూ తోకనూ కదిలించే రెండు మూడు సర్వోలు. చేతిలోని ట్రాన్స్‌మిటర్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పాత సెట్లలో ఇద్దరు ఒకే ఛానెల్ వాడితే ఒకరి విమానం కూలిపోయేది; ఇప్పుడు ఒకే పొలంలో పలువురు ఎగరేసినా ఎవరి సంకేతం వారిదే. సంకేతం తెగితే మోటారు దానంతటదే ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవడం తప్పనిసరి.

ఎంత శక్తి కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. కిలో బరువున్న మామూలు విమానానికి 200 వాట్ల పైచిలుకు మోటారు సరిపోతుంది. మూడు సెల్స్, 11.1 వోల్టులు, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 24 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో ఐదో వంతు మిగిల్చి, సగం థ్రాటిల్ మీద తిప్పితే పది నిమిషాలు ఎగురుతుంది. ఆ ఐదో వంతు మిగల్చడం పిసినారితనం కాదు. సెల్ 3 వోల్టుల కిందికి దిగితే బ్యాటరీ పాడవుతుంది, పైగా దిగే ముందు మరో చుట్టు తిరగడానికి శక్తి చేతిలో ఉండాలి.

కొత్తవారికి పొట్ట పైన రెక్క ఉండి, రెక్క చివరలు కాస్త పైకి లేచిన నురుగు విమానమే మేలు. చెయ్యి వదిలేస్తే అది దానంతటదే సమంగా సర్దుకుంటుంది. వేదికల అలంకరణకు వాడే థర్మోకోల్‌తోనూ సొంతంగా చేసుకోవచ్చు. అయితే సూపర్ గ్లూ థర్మోకోల్‌ను తినేస్తుంది కనుక ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడాలి. గురుత్వ కేంద్రం రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. తోక బరువైన విమానం మొదటి ఎగురుడులోనే నేల కూలుతుంది. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే కాబట్టి ముందు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద కొన్ని వారాలు సాధన చేయాలి.

ఇక చోటు. కృష్ణా డెల్టా అరచేయిలా చదునుగా ఉంటుంది, కానీ ఏడాదంతా ఖాళీగా ఉండదు. డిసెంబరులో వరి కోతకు కొద్ది రోజుల ముందే చేలో మినుములు చల్లుతారు. ఆ పంట ఇంటికొచ్చాకే, అంటే మార్చి నుంచి జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలేదాకా, పొలాలు తెరిపిగా ఉంటాయి. అప్పుడైనా రైతును అడిగే దిగాలి, గట్ల మీదే నడవాలి. నల్లరేగడి బీటల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి కాబట్టి చేత్తో విసిరి ఎగరేసి, పొట్ట మీద దించే విమానమే ఇక్కడికి తగింది. చెరువులు పరచుకున్న కైకలూరు, ముదినేపల్లి వైపు దిగడానికే చోటు తక్కువ. కొల్లేరు అభయారణ్యం, ఆటపాక పక్షుల కేంద్రం చుట్టుపక్కల ఎగరేయనే కూడదు.

వేళ కూడా ముఖ్యమే. సూర్యోదయం తర్వాత గంటన్నర గాలి దాదాపు నిలిచి ఉంటుంది; నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి సమయం లేదు. మధ్యాహ్నం తర్వాత సముద్రం మీదుగా పైరగాలి మొదలైతే తేలిక విమానం వెనక్కి కొట్టుకుపోతుంది. ఎండ 45 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీలప్పటితో పోలిస్తే గాలి సాంద్రత 6 శాతం దాకా తగ్గుతుంది. అప్పుడు విమానం మరింత వేగంగా దిగాల్సి వస్తుంది. ఆ ఎండలో మూసిన కారులో బ్యాటరీని వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఛార్జింగ్ పెట్టి పక్కకు వెళ్ళకూడదు, దగ్గర ఇసుక బకెట్ ఉండాలి.

కాగిన నేల నుంచి పైకి లేచే గాలి గ్లైడర్ నడిపేవారికి మేలే చేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా తిరిగే చోటికి విమానాన్ని తీసుకెళ్ళి మోటారు ఆపేస్తే, అది చాలాసేపు ఊరికే తేలుతుంది. కిందికి జారితే మోటారును మళ్ళీ నడపవచ్చు. గ్లో ఇంజన్‌కు ఈ వెసులుబాటు లేదు. ఈ అభిరుచిలో ఇంతకన్నా అందమైన అనుభవం లేదనవచ్చు.

నియమాల విషయానికొస్తే, 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు 25 కిలోల లోపు మోడల్ విమానాలను వినోదానికి, చదువుకు కంటిచూపు మేరలో ఎగరేసేవిగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ అవసరం లేదన్నాయి. 2 కిలోల లోపు వాటిని వ్యాపారానికి కాకుండా నడిపితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఎత్తు 120 మీటర్లు దాటకూడదు. గన్నవరం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు; 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్లే హద్దు. పోలీసులు ఏ ప్రాంతాన్నయినా 96 గంటల దాకా, అనుమతి లేకుండా ఎగరేయకూడని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అందుకే బయల్దేరే ముందు, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ఆన్‌లైన్ ‘డిజిటల్ స్కై’ పటం చూసుకోవాలి.

కరెంటు తీగలు దూరం నుంచి ఎంత ఎడంగా ఉన్నాయో కంటికి అందదు. తీగకు చిక్కిన విమానాన్ని కర్రతో లాగడం ప్రాణాంతకం, విద్యుత్ సిబ్బందికే చెప్పాలి. చేలో పడితే చాలా స్పీడ్ కంట్రోలర్లు చేసే బీప్ శబ్దాన్ని బట్టి వెతకవచ్చు. కాలువలో పడితే ఒడ్డుకు చేర్చగానే ముందు బ్యాటరీ తీసి, ఆరుబయట కాలే వస్తువులేవీ లేని చోట పెట్టాలి. తడిసిన బ్యాటరీని మళ్ళీ ఛార్జ్ చేయకూడదు.